పొద్దుమీకి అన్న దొంగ

శంషాబాద్ ఏర్‌పోర్టు పక్కనే ఉన్న మామిడిపల్లిలో మాకందరికీ ఒక అలవాటు ఉంది. విమానం మిద్దె మీదుగా పోయేటప్పుడు మాట ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆపేస్తాం. అది పోయాక మళ్లీ అక్కడి నుంచే అందుకుంటాం. కొత్తగా వచ్చిన కోడళ్లు మొదట్లో గొంతు పెంచి అరుస్తారు గానీ, కొన్నాళ్లకు వాళ్లూ నేర్చుకుంటారు. అందుకే నా మనవరాలు శిరీష ఇంగ్లీషు సినిమా చూపిస్తూ, ఇందులో ఒకడు కంప్యూటర్‌లో దూరి విమానాలన్నిటినీ ఆపేస్తాడని చెప్పినప్పుడు నాకు వాడి మీద కోపం రాలేదు. కాసేపు నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు కదా అనుకున్నాను.

తెలంగాణ ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని అందరూ టీవీల ముందు కూర్చున్న రోజులవి. శిరీష డిగ్రీ అయ్యాక కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో చేరింది. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు మాటలు పెట్టే చోటు అది. అక్కడ రాసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు రాసింది మా పిల్ల టైపు కొట్టేది. ఆ పని చూసే పెద్దావిడ పేరు స్వరాజ్యం గారు, తెనాలి వైపు మనిషి. ఆమెకు ఈ పిల్ల చురుకు నచ్చి, ఈ ఒక్క సినిమాకు నువ్వే రాసి చూడమ్మా, బాగుంటే ఇక నుంచి నువ్వు రాసేదానివే అని చెప్పింది.

నా కొడుకు రాజశేఖర్‌కు ఆ పనంటే గురి లేదు. పొద్దున పోతే ఆరాంఘర్‌లో ఒక బస్సు, మెహిదీపట్నంలో ఇంకో బస్సు మారి చీకటి పడ్డాక ఇల్లు చేరే బిడ్డను చూస్తే ఏ తండ్రికైనా అలాగే ఉంటుంది. ఏర్‌పోర్టులో తెలిసినాయనతో మాట్లాడి ఒక కౌంటర్‌లో ఉద్యోగం ఖాయం చేసిపెట్టాడు. ఇంటి ముందు ఆటో ఎక్కితే అక్కడే దిగొచ్చు. తండ్రీ బిడ్డలు వాదించుకుని వాదించుకుని చివరికి ఒక మాటకొచ్చారు. ఈ సినిమాకు రాసింది వాళ్లు ఒప్పుకుంటే శిరీష రాతపనిలోనే ఉంటుంది. కాదంటే మరో మాట లేకుండా కౌంటర్‌లో కూర్చుంటుంది. మాట ఇచ్చింది మా పిల్ల. మాట ఇస్తే తప్పే రకం కాదు, అదే నా భయం.

ఆ రాత ఎలాంటిదో నాకు చూస్తే గానీ తెలియలేదు. ఇంగ్లీషువాడి నోరు ఎప్పుడు తెరుచుకుంటే మన మాట అప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు మూతపడితే అప్పుడు మూతపడాలి. ప, బ, మ వచ్చిన చోట పెదవులు కలుస్తాయి. ఆ చోట మన తెలుగులో కూడా పెదవులు కలిసే అక్షరమే పడాలి. అర్థం సరిపోతే నోరు సరిపోదు, నోరు సరిపోతే అర్థం సరిపోదు. శిరీష నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ మాట అను, ఆ మాట అను అని నా మూతి చూసేది. నాకు పైపళ్లు లేవు కాబట్టి కొన్ని అక్షరాలకు నేను పనికిరానని నవ్వేది. ఒక్క వెసులుబాటు మాత్రం ఉందట. మనిషి వీపు తిరిగి ఉంటే నోరు కనపడదు కాబట్టి అక్కడ ఏం రాసుకున్నా అడిగేవాడు లేడు.

సినిమా కథ చెబుతాను. చలిదేశంలో ఒక పెద్ద ఏర్‌పోర్టు. దాన్ని పెంచడానికి, వేరే చోట ఇళ్లిస్తామని అబద్ధం చెప్పి పక్కనున్న బస్తీని పడగొడతారు. అందులో ఒక తల్లి ఇల్లు పోతుంది. ఆమె కొడుకు కంప్యూటర్లలో ఆరితేరినవాడు. ఏర్‌పోర్టు వాళ్ల కంప్యూటర్‌లోకి దొంగతనంగా దూరి, మా బస్తీవాళ్లకు చెప్పిన అబద్ధాన్ని రేపు సాయంత్రం లోపల అందరి ముందు ఒప్పుకోండి, లేకుంటే రన్‌వే మీద ఒక్క దీపం వెలగదు అని ఫోన్‌లో కబురు పెడతాడు. వాడిని పట్టుకోవడానికి ఒక ఆడ ఆఫీసరు వస్తుంది. హ్యాకర్ అంటారట అలాంటివాణ్ని. నేను దొంగ అనే అంటాను, నోటికి అదే వస్తుంది.

శిరీష తమ్ముడు అరవింద్ ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు పక్కన చేరి సినిమా పొడుగూతా వెక్కిరింతే. టకటకా మీటలు నొక్కగానే తెర నిండా పచ్చ అక్షరాలు వానలాగా కురుస్తుంటే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నిజంగా అలా ఉండదట. అక్షరాలు కురవవు, ఎర్రలైటు తిరగదు, పాస్‌వర్డ్ కోసం ఎవరూ అంత వేగంగా కొట్టరు. అసలు దొంగ ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, నేను మీ ఆఫీసు నుంచే మాట్లాడుతున్నాను అని తియ్యగా అడిగి చెప్పించుకుంటాడట. మన దగ్గర ఎరువుల ఏజెంట్లు రైతు పేరు, కొడుకు పేరు కనుక్కుని వచ్చి వరసలు కలిపి మాట్లాడినట్టే అన్నమాట. అది విన్నాక నాకు ఆ పచ్చ అక్షరాల కన్నా అరవింద్ చెప్పిన దొంగే ఎక్కువ తెలిసినవాడిలాగా అనిపించాడు.

ఆ సినిమాలోనే ఒక చోట దొంగ ఏదో చెక్కగుర్రం సంగతి అంటాడు. పాతకాలంలో ఆ దేశాల వైపు ఒక కోటలోకి చెక్కగుర్రం కడుపులో దాక్కుని సైనికులు పోయారట. కంప్యూటర్‌లోకి కూడా అలా మంచి వస్తువు రూపంలో దొంగ వస్తువును పంపుతారట. శిరీష అలాగే రాసింది. నేను చదివించుకుని విని, గుర్రమెక్కి పోయి కంప్యూటర్‌ను ఎలా పాడుచేస్తాడని అడిగాను. అది కాసేపు తల పట్టుకుంది. అప్పుడు నాకు మా అమ్మగారి ఊళ్లో సంగతి గుర్తొచ్చింది. దొర గడీలోకి ఎవరినీ రానివ్వని రోజుల్లో ఇద్దరు మనుషులు గడ్డిబండిలో గడ్డి కింద పడుకుని లోపలికి పోయారు. గేటు కాడి జీతగాడే ఎద్దులకు నీళ్లు కూడా పెట్టాడట. అది చెప్పగానే శిరీష గుర్రాన్ని కొట్టేసి గడ్డిబండి అని రాసుకుంది. అరవింద్ మళ్లీ నవ్వాడు. చలిదేశంలో గడ్డిబండి ఏంది అన్నాడు. వాళ్లకు గడ్డి లేదా, బండి లేదా అన్నాను నేను.

ఇంతవరకు అంతా నవ్వులాటే. తర్వాతి రోజు స్టూడియో నుంచి వచ్చిన పిల్ల ముఖం చూస్తే వాడిపోయి ఉంది. అన్నం పెడితే వేళ్లతో కెలుకుతూ కూర్చుంది. మా కోడలు ప్రేమలత అడిగితే చెప్పలేదు, నేను అడిగితే చెప్పింది. స్వరాజ్యం గారు ఒక సలహా ఇచ్చిందట. దొంగకు మన యాస పెట్టమందట. మిగతా అందరికీ పుస్తకాల తెలుగు, దొంగకు మాత్రం తెలంగాణ మాట. అలా అయితే జనం హాయిగా నవ్వుకుంటారట, సినిమా కొన్న బొంబాయి కంపెనీవాళ్లు కూడా అదే అడుగుతున్నారట.

"మన మాట సినిమాల పెడ్తమంటే మంచిదే గదనే," అన్నాను.

"పెట్టుడేంది నాయినమ్మా. దొంగకు పెడ్తరు, తాగుబోతుకు పెడ్తరు, తన్నులు తినేటోనికి పెడ్తరు. గా ఆఫీసరుకు పెట్టుమంటే పెడ్తరా? నా చేతులతోటి నేనే గట్ల రాయాల్నా?"

రాయకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కౌంటర్. రాజశేఖర్ అప్పుడే వాకిట్లో చెప్పులు విడుస్తున్నాడు. పిల్ల కళ్లు తుడుచుకుని కంచం తీసుకుని లేచింది.

నాకు ఆ పూట మనసు నిలవలేదు. రెండో రోజు ఆ సినిమా మళ్లీ పెట్టమన్నాను. ఆఫీసరమ్మ దొంగను ఎలా పట్టుకుంటుందో నాకు సరిగా అర్థం కాలేదని చెప్పాను. నిజంగానే అర్థం కాలేదు. శిరీష చెప్పింది. మీటలు నొక్కే మనుషులు గది నిండా ఉన్నా ఎవరికీ వాడు దొరకడు. వాడు ఫోన్‌లో బెదిరించిన మాటను ఆమె మళ్లీ మళ్లీ వింటుంది. అందులో సాయంత్రాన్ని వాడు ఒక తీరుగా అంటాడు. ఆ పడగొట్టిన బస్తీవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ సాయంత్రాన్ని అలా అనరు. ఆ మాట ఆమెకెలా తెలుసంటే, ఆమె కూడా చిన్నప్పుడు అదే బస్తీలో పెరిగింది. పెద్ద ఉద్యోగమొచ్చాక ఆ మాటతీరు దాచుకుంది.

"మరి నువ్వేం రాసినవ్ ఆడ?"

"ఏం తోచలే. 'ఈ యాస నాకు తెలుసు' అని రాసి ఊకున్న."

"గా పోరడు అన్న మాట ఏందో లేకుంటే యాస ఎక్కడికెల్లి తెలుస్తదే?"

దాంతో ఇద్దరం మాట వెతకడానికి కూర్చున్నాం. ఆయితారం, బేస్తవారం, ఆనిగపుకాయ, తొక్కు, అంగి, లోపలికి దూరడాన్ని మేం అనే సొచ్చుడు, నాకు తోచినవన్నీ చెప్పాను. ప్రేమలత వంటింట్లోంచి రెండు అందించింది. సాయంత్రానికి పనికొచ్చేది ఒక్కటే దొరికింది, పొద్దుమీకి. శిరీష తెరమీద ఆ పిల్లవాడి నోరు ఆపి ఆపి చూసింది. వాడి పెదవులు రెండుసార్లు కలిశాయి. పొద్దుమీకి అంటే నావీ రెండుసార్లే కలిశాయి. అది చూసి శిరీష మాట్లాడకుండా కాసేపు కూర్చుంది. పైన విమానం పోతుంటే ఆగిందనుకున్నాను, కానీ విమానం పోయినా అలాగే ఉంది.

తర్వాత మొత్తం కాగితాలు ముందేసుకుని మొదటి నుంచి రాసింది. దొంగకు మన మాటే పెట్టింది, స్వరాజ్యం గారు చెప్పినట్టే. కానీ ఆఫీసరమ్మ ఆ ఫోన్ విన్న తర్వాత దొంగతో మాట్లాడే ప్రతిచోటా ఆమెకు కూడా మన మాటే పెట్టింది. గదిలో పెద్దల ముందు పుస్తకాల తెలుగు, ఫోన్‌లో వాడితో మాత్రం ఇంటి తెలుగు.

ఆ వారంలో స్టూడియోవాళ్లకు ఒక ముసలిగొంతు కావాల్సి వచ్చింది. దొంగ తల్లి ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడుతుంది, మనిషి కనపడదు. శిరీష నన్ను తీసుకుపోయింది. నాకు చెవులకు డొప్పలు పెట్టి గాజుగదిలో నిలబెట్టారు. రాసిన నాలుగు మాటలు అయ్యాక కూడా కొడుకు అన్నం తిన్నాడో లేదో అడగకుండా ఫోన్ పెట్టడం నాకు చేతకాలేదు. ఇంకోసారి, ఇంకోసారి అన్నారు. ప్రతిసారీ ఏదో ఒకటి ఎక్కువైంది. చివరికి స్వరాజ్యం గారు నవ్వుతూ, అమ్మగారూ మీరు బయట కూర్చుని టీ తాగండి, వేరే వాళ్లతో చెప్పిస్తాం అంది. సినిమాలో నా గొంతు లేదు. ఆ సంగతి ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత ఎవరూ వెతకొద్దు.

టీ తాగుతుండగా అసలు పంచాయితీ మొదలైంది. స్వరాజ్యం గారు శిరీష కాగితాలు చదివింది. గడ్డిబండి బాగుందని మెచ్చుకుంది. పొద్దుమీకి కూడా బాగుందంది. ఆఫీసరమ్మ మాటల దగ్గర ఆగిపోయింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నెమ్మదిగానే చెప్పింది.

"శిరీషా, నాకు అభ్యంతరం లేదమ్మా. కానీ ఆఫీసర్ హోదాలో ఉన్న మనిషి ఇలా మాట్లాడుతుందంటే ప్రేక్షకులు నమ్మరు. బొంబాయి వాళ్లు నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. నన్నెవరూ అడగలేదు. కానీ ఆవిడ నమ్మరు అన్న మాట నా చెవిలో పడింది కాబట్టి ఊరుకోలేకపోయాను. ఇలా కూర్చోండమ్మా, ఒక్క ముక్క చెబుతాను అని మా ఆయన సంగతి చెప్పాను.

ఏర్‌పోర్టు మొదలై విమానాలు దిగుతున్న కొత్తలో జరిగింది అది. మా జొన్న చెలక దాని కిందికే పోయింది. మా ఆయన ఆ రోజు పొద్దున్నే తువాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. ఎక్కడికో చెప్పలేదు. అలవాటైన దారి, కాళ్లే తీసుకుపోయాయి. గోడ పని ఇంకా జరుగుతున్న చోట రాళ్ల మీంచి దాటి లోపలికి పోయాడు. చెలక ఉన్న చోటు ఇదే అని గుర్తుపట్టి, ఎండలో గొంతుకూర్చుని మట్టి చూసుకుంటూ ఉన్నాడట. జీపు వచ్చింది. జీపులో టోపీ పెట్టుకున్న ఆఫీసరు దిగి మొదట హిందీలో గట్టిగా గద్దించాడు. మా ఆయన జవాబు చెప్పగానే అతని గొంతు మారిపోయిందట. అతనిది మా పక్కనున్న కొత్తూరే.

ఆ ఇద్దరూ అన్న మాటలు మా ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. నేను ఉన్నవి ఉన్నట్టే వాళ్లకు చెప్పాను.

"ఏ ఊరే పెద్దనాయినా? లోపటికి ఎట్ల సొచ్చినవ్?" అని అడిగాడు ఆ ఆఫీసరు.

"సొచ్చుడేంది బిడ్డా. నేను ఎన్నడు ఎల్లిపోయిన, మల్ల సొచ్చుటానికి?" అన్నాడట మా ఆయన.

ఆ ఆఫీసరు నీళ్లసీసా ఇచ్చాడు. జీపులో ముందర కూర్చోబెట్టుకుని మా గల్లీ మొగదల దించిపోయాడు. పోతూ పోతూ, మల్ల రాకు పెద్దనాయినా, నా తర్వాతోనిది ఏ ఊరో నాకు తెల్వదు అన్నాడు. మా ఆయన మళ్లీ పోలేదు. మూడో ఏడు ఈ లోకం నుంచే పోయాడు.

చెప్పడం అయ్యేసరికి గాజుగదిలో ఉన్న గొంతుల పిల్లలు కూడా డొప్పలు తీసేసి బయటికొచ్చి నిలబడి ఉన్నారు. స్వరాజ్యం గారు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. మా ఊళ్లో మా మేనమామ కూడా ఇలాగే కాలవ తవ్విన చోటికి పోయి కూర్చునేవాడమ్మా అంది. ఆ మాటతో నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది. తెనాలి అయితే ఏం, నేల పోయినవాళ్లు లేని ఊరెక్కడ ఉంది.

శిరీష మాత్రం నా వైపు చూడలేదు. తెర వైపు చూస్తోంది. ఆ తెరమీద సినిమా చివరి ఘట్టం ఆగి ఉంది. ఆఫీసరమ్మ దొంగ ఉన్న గదిలోకి వస్తుంది. లోపలికి ఎలా వచ్చావని అడుగుతుంది. ఇంగ్లీషులో వాడేమీ జవాబు చెప్పడు, కిటికీలోంచి రన్‌వే వైపు చూస్తూ ఉంటాడు.

"మేడమ్, వాడు వీపు తిరిగి ఉన్నడు," అంది శిరీష. "ఆడ జాగ ఉన్నది. తాత మాట పడ్తది."

స్వరాజ్యం గారు తెర చూసింది, పిల్లను చూసింది. రాయి అంది. బొంబాయి వాళ్లు ఒప్పుకుంటారని మాత్రం నేను చెప్పలేను, ఒప్పుకోకపోతే నువ్వూ నేనూ ఇద్దరం మాట పడాల్సిందే అని కూడా అంది. ఆఫీసరమ్మ మాటల్లో సగం మళ్లీ పుస్తకాల తెలుగులోకి మార్పించింది. మిగిలిన సగం ఉండనిచ్చింది. మార్పించిన సగం కోసం శిరీష పోట్లాడలేదు.

బొంబాయి నుంచి కబురు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. రాజశేఖర్ కౌంటర్ ఉద్యోగం కాగితాలు తెచ్చి టీవీ పక్కన పెట్టాడు, వాటినీ ఎవరూ ముట్టుకోలేదు. చివరికి స్వరాజ్యం గారు ఫోన్ చేసింది. వాళ్లు ఉంచమన్నారు, కానీ ఆఫీసరమ్మ మాటలకు హాల్లో జనం నవ్వితే తర్వాతి సినిమా నుంచి మాకు నచ్చినవాళ్లతో రాయించుకుంటాం అన్నారట. అంటే ఒప్పుకున్నట్టా కానట్టా అని అరవింద్ అడిగాడు. హాల్లో తేలుతుంది అంది శిరీష.

సినిమా శంషాబాద్‌లో ఆడిన మొదటి ఆదివారం అందరం పోయాం. రాజశేఖర్ కూడా వచ్చాడు. హాలు నిండింది. కొత్తూరు ఫ్యాక్టరీల పిల్లలు, ట్యాక్సీల వాళ్లు, ఏర్‌పోర్టులో ఊడ్చే ఆడవాళ్లు, అందరూ మా చుట్టుపక్కల వాళ్లే. పచ్చ అక్షరాలు కురుస్తుంటే ఈలలు వేశారు. అరవింద్ ఒక్కడే తల కొట్టుకున్నాడు.

దొంగ మొదటిసారి నోరు తెరిచాడు. "రేపు పొద్దుమీకి దాంక చూస్త."

హాలంతా గొల్లుమంది. వెనక ఎవడో ఆ మాటను అనుకరించి మళ్లీ అన్నాడు. ఇంకా నవ్వారు. నా పక్కన శిరీష కుర్చీలో కిందికి జారిపోయింది. దాని చేయి పట్టుకున్నాను. దొంగ నోరు తెరిచినప్పుడల్లా నవ్వే. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఏళ్ల తరబడి నవ్వడమే నేర్పితే నవ్వక ఏం చేస్తారు. కానీ పక్కన పిల్ల ఉంది కదా, దాని చేయి వదల్లేదు.

ఆఫీసరమ్మ ఫోన్ విన్నది. రెండోసారి విన్నది. మూడోసారి విని గదిలో వాళ్లందరినీ బయటికి పంపి తలుపు వేసింది. రిసీవర్ చెవికి పెట్టుకుంది.

"పొద్దుమీకి అన్నవ్ గదా. మీ అవ్వ నేర్పిందా గా మాట? మా అవ్వ కూడ గట్లనే అంటుండె."

ఒకరిద్దరు అలవాటుకొద్దీ నవ్వబోయారు. ఆ నవ్వు అంటుకోలేదు. తెరమీద ఆ పిల్లవాడు మాట లేకుండా ఫోన్ పట్టుకుని ఉన్నాడు. హాల్లో కూడా అంతే. ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ఆ తర్వాత వాడు మాట్లాడితే ఎవరూ నవ్వలేదు.

శిరీష మెల్లగా పైకి లేచి సరిగా కూర్చుంది. తెర చూడటం లేదు, తల తిప్పి జనం ముఖాలే చూస్తోంది. మా వెనక వరసలో ఒకాయన తన భార్యతో, గీ పోరడు మనోడే గదనే అని గుసగుసగా అన్నాడు.

ఆ మాట రాజశేఖర్ చెవిన పడింది. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా మెచ్చుకోనివాడు ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "రాసింది మా బిడ్డనే, అన్నా," అని గొప్పగా మొదలుపెట్టాడు. మామిడిపల్లి, కృష్ణానగర్, మారే బస్సులు, అంతా చెప్పబోయాడు.

ఆ వెనకాయన చేయి అడ్డం పెట్టాడు. "జర ఊకో అన్నా. ఇననియ్యి."

నా కొడుకు నోరు మూసుకుని ముందుకు తిరిగాడు. శిరీష నా భుజానికి ముఖం ఆనించి, ఎవరికీ వినపడకుండా, చాలాసేపు నవ్వింది.